చైనాలో కిడ్నీ రాయికి ఆకు మందు ఇచ్చారు, వాడొచ్చా?

షెన్‌జెన్_శీను
మూడేళ్ళుగా షెన్‌జెన్‌లో ఉద్యోగం. మొన్న శుక్రవారం రాత్రి ఎడమ నడుములో నొప్పి మొదలై, తెల్లవారుజామున 3 గంటలకి గజ్జల్లోకి దిగింది. కూర్చోలేను, పడుకోలేను, బాత్రూం గచ్చు మీద పొర్లుదండాలే. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్తే వెంటనే సీటీ తీశారు. ఎడమ మూత్రనాళం కింది భాగంలో 6 మి.మీ. రాయి. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, నాళాన్ని వదులుచేసే టామ్సులోసిన్ మాత్ర రాసి, దాంతోపాటు ఓ పెద్ద డబ్బా చేతిలో పెట్టారు. పేరు 'పైషీ కలీ'. ఫోన్లో అనువదిస్తే 'రాయిని బయటికి తోసే పలుకులు' అని వచ్చింది. పొట్లం చింపి వేడినీళ్ళలో కలిపితే బెల్లం వేసిన కషాయంలా ఉంది. రోజుకి మూడు పొట్లాలట.

ఇచ్చినాయన నాటువైద్యుడు కాదు, తెల్లకోటు వేసుకున్న మామూలు యూరాలజిస్టే. అందుకే ఇంకా అయోమయం. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఆ చైనా ఆకులూ అలములూ పారేయ్, నేను కొండపిండి ఎండబెట్టి పంపిస్తా" అంటోంది. ఎవరైనా వాడారా? పనిచేస్తుందా? ఉన్న కిడ్నీకి ఎసరు పెట్టదు కదా?

నెల్లూరు_కారం
అమ్మ పంపితే మందు, వాళ్ళమ్మలు పంపితే ఆకులూ అలములూ. బాగుంది.

ఎర్రబస్సు
రెండు బీర్లు కొట్టి మెట్లు దిగు తమ్ముడూ. మా రూమ్మేటుకి అలాగే పడిపోయింది.

చైనా_చదువు
నేను ఎంబీబీఎస్ అక్కడే చదివి, ఇక్కడ పరీక్ష పాసై ఇప్పుడు విజయవాడలో చేస్తున్నా. శీను అయోమయం నాకు మొదటి ఏడాదే వచ్చింది. మన దగ్గర అల్లోపతి డాక్టరు ఆయుర్వేదం రాస్తే వింతగా చూస్తాం. అక్కడ అలా కాదు. ఒకే ఆసుపత్రిలో రెండు వైద్యాలూ ఉంటాయి. ఫ్యాక్టరీలో తయారై డబ్బాలో వచ్చే చైనా మూలికల మందుల్ని మామూలు డాక్టర్లే రాసేస్తారు. కాబట్టి ఆయన నిన్ను మోసం చేశాడని అనుకోకు.

వాళ్ళ పాత వైద్యంలో దీని పేరు 'షీలిన్', అంటే రాయి వల్ల మూత్రం నొప్పితో, కష్టంగా రావడం. హాన్ వంశం చివరికాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ పేరున్న గ్రంథంలోనే, మూత్రంలో కొర్రగింజల్లాంటివి పడతాయి, పొత్తికడుపు బిగుసుకుని నొప్పి బొడ్డుదాకా లాగుతుంది అని లక్షణం రాసి ఉంది. వాళ్ళ లెక్కలో కింద తేమా వేడీ చేరి, మూత్రం మరిగి మరిగి అడుగంటినట్టు రాయి అవుతుంది. అందుకని వేడి తీసే ఆకులు, మూత్రం జారీ చేసే గింజలు కలిపి ఇస్తారు.

మా వార్డులో ఓ పెద్ద ప్రొఫెసర్ చెప్పేవారు. 60, 70 దశకాల్లో ఆపరేషన్ లేకుండా రాయి తీయాలని 'మూకుమ్మడి దాడి' అనే పద్ధతి నడిపారట. టైం ప్రకారం కషాయం, లీటర్ల కొద్దీ నీళ్ళు, మూత్రం పెంచే మాత్ర, నాళాన్ని వదులుచేసే అట్రోపిన్, ఆక్యుపంక్చర్ సూదులు, ఆఖర్న రోగి చేత గెంతులు. ఇప్పుడు దాడి లేదు గానీ గెంతులు మిగిలాయి. నీకు తాడాట ఆడమని చెప్పలేదా?

షెన్‌జెన్_శీను
చెప్పాడు అన్నా! నేను భాష అర్థం కాలేదనుకున్నా. దాంతోపాటు "వేడినీళ్ళు ఎక్కువ తాగు" అని నాలుగుసార్లు.

నెల్లూరు_కారం
జలుబుకీ వేడినీళ్ళే, కడుపునొప్పికీ వేడినీళ్ళే, ప్రేమ విఫలమైనా వేడినీళ్ళే. రెండేళ్ళు ఉండి వచ్చా, నాకు తెలీదా.

పల్లేరుకాయ
నవ్వుకోండి. వెయ్యేళ్ళకి పైగా కోట్లమంది తాగిన కషాయం ఊరికే నిలవదు. మా ప్రకాశం జిల్లాలో నీళ్ళు చూస్తే తెలుస్తుంది, ఇంటికో రాయి. మా నాన్నకి 5 మి.మీ. రాయి పల్లేరు కాయల కషాయంతో 11 రోజుల్లో పడిపోయింది, నా కళ్ళతో చూశా. చైనా వాళ్ళు అదే పని వేరే ఆకులతో చేస్తున్నారు. శీనూ, భయపడకుండా తాగు.

లెక్కలోడు
@పల్లేరుకాయ, మీ నాన్నగారు ఆ 11 రోజులూ పల్లేరు కాకుండా మజ్జిగ తాగి ఉంటే పడేది కాదని ఎలా చెప్తారు?

2015లో బ్రిటన్ వాళ్ళు 1,167 మందితో ఓ ప్రయోగం చేసి లాన్సెట్‌లో వేశారు. మూత్రనాళంలో రాయి ఉన్నవాళ్ళకి కొందరికి టామ్సులోసిన్, కొందరికి బీపీ మందు నిఫెడిపిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర. నాలుగు వారాల్లో ఇంకే వైద్యం అవసరం పడనివాళ్ళు టామ్సులోసిన్‌లో 81 శాతం, నిఫెడిపిన్‌లో 80. ఉత్తుత్తి మాత్రలో? 80.

అంటే మీ కాయలైనా, శీను పొట్లమైనా, ఎర్రబస్సు బీరైనా, ఏది ఇచ్చినా పదిలో ఎనిమిదిమంది "నాకు పనిచేసింది" అని ఫోరంలో రాస్తారు. మిగతా ఇద్దరు ఆపరేషన్ బెడ్ మీద ఉంటారు, వాళ్ళు రాయరు.

పల్లేరుకాయ
మరి మలేరియా మందు సంగతేంటి? చైనా ఆకులోంచే కదా తీసింది, 2015లోనే నోబెల్ ఇచ్చారు కదా థూ యూయూకి!

లెక్కలోడు
ఇచ్చారు. ఆవిడ పాత పుస్తకంలో చన్నీళ్ళలో నానబెట్టమన్న వాక్యం చూసి, తక్కువ వేడి మీద ఈథర్‌తో మందు లాగి, ఎలుకల మీద, కోతుల మీద, ఆఖరికి తన మీద పరీక్షించుకున్నారు. నోబెల్ వచ్చింది ఆ పనికి. రాయి ఆకులకి కూడా ఎవరైనా అలా చేస్తే నేనే దండ వేస్తా. చైనాలో రాళ్ళ మీద ప్రయోగాలు చాలానే జరిగాయి. నేను చూసినవాటిలో ఎక్కువ చిన్నవి, ఎవరికి ఏ మందో అందరికీ తెలిసే చేసినవి, ఉత్తుత్తి మందుతో పోల్చనివి.

ఆకుల_మాస్టారు
వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను, వరంగల్. మీ ఇద్దరూ పనిచేస్తుందా లేదా అని కొట్టుకుంటున్నారు. నాకు అంతకుముందు ప్రశ్న ఒకటుంది. ఆ పొట్లంలో ఉన్నది ఏ మొక్క?

చైనాలో రాళ్ళకి పేరుమోసింది 'జిన్ చియెన్ ఛావ్', అంటే బంగారు కాసుల గడ్డి. గుండ్రటి ఆకులు కాసుల్లా ఉంటాయని ఆ పేరు. కానీ సిచువాన్ వైపు ఆ పేరుతో అమ్మేది లైసిమాకియా. గ్వాంగ్‌డాంగ్‌లో, అంటే శీను ఉన్న రాష్ట్రంలో, కాసుల గడ్డి అంటే డెస్మోడియం, అది మన చిక్కుడు కుటుంబం. ఇంకో ఆకు గ్లెకోమా, దాని చైనా పేరుకి 'కాసుల దండ గడ్డి' అని అర్థం, అది తులసి, పుదీనాల కుటుంబం. మూడూ మూడు కుటుంబాలవి, లోపలి పదార్థాలూ వేరు. చైనా ఔషధకోశం మూడింటినీ విడివిడిగానే రాసింది గానీ సంతలో ఎవరు చూస్తారు.

మన వాళ్ళని చూసి నవ్వుకోడానికీ లేదు. రాళ్ళకి వాడే పాషాణభేది అని అడగండి. ఒక షాపులో హిమాలయాల బెర్జీనియా వేరు ఇస్తాడు, ఇంకోచోట మన కొండపిండినే ఎండబెట్టి ఇస్తాడు, మరోచోట రణపాల చూపిస్తాడు. కొండని పిండి చేస్తుందని పేరు పెట్టుకున్నాం, ఏ మొక్కో మాత్రం షాపువాడి ఇష్టం.

డెస్మోడియం మీద కొంత పని జరిగింది. ఎలుకలకి ఇథిలిన్ గ్లైకాల్ పట్టించి కిడ్నీలో ఆక్సలేట్ స్ఫటికాలు పుట్టిస్తారు. ఈ ఆకు సారం ఇచ్చిన ఎలుకల్లో స్ఫటికాలు తక్కువ కట్టాయి. అది కొత్తవి కట్టకుండా ఆపడం. శీను నాళంలో ఇరుక్కున్న 6 మి.మీ. ముక్కని కరిగించడం వేరే కథ. శీనూ, డబ్బా వెనక ఏం రాశాడో చదివి పెట్టు.

షెన్‌జెన్_శీను
మాస్టారూ, కెమెరా పెట్టి ఒక్కొక్కటీ చదివాను. ముందు 'కాసుల దండ గడ్డి', అంటే మీరన్న గ్లెకోమా అన్నమాట. తర్వాత ఇసబ్‌గోల్ జాతి గింజలు, 'మూ థోంగ్', ఏదో వేరు, ఓ ఫెర్న్ ఆకు, సుద్దపొడి లాంటి రాయి (రాయికి రాయే మందు!), చివర్లో అతిమధురం. మొత్తం పది. ఆ మూ థోంగ్ పేరు కొట్టి చూస్తే 'కిడ్నీ ఫెయిల్యూర్' అని పేజీలు పేజీలు వస్తున్నాయి. ఇప్పుడు నిజంగా టెన్షన్.

చైనా_చదువు
కంగారు పడకు, కానీ ఆ టెన్షన్‌కి కారణం ఉంది. 90ల మొదట్లో బెల్జియంలో బ్రసెల్స్‌లో ఓ క్లినిక్ బరువు తగ్గడానికి చైనా మూలికలు ఇచ్చింది. వంద మందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు పోయాయి. 'ఫాంగ్ జీ' అనే మూలిక వెయ్యాల్సిన చోట అలాంటి పేరే ఉన్న ఇంకో వేరు కలిసింది. అది అరిస్టలోకియా జాతిది. అందులో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీ గొట్టాల్ని మాడ్చేస్తుంది. తర్వాత వాళ్ళలో చాలామందికి మూత్రనాళంలోనే క్యాన్సర్ వచ్చింది.

మూ థోంగ్‌ది కూడా అదే తంతు. అసలు మూ థోంగ్ అకీబియా అనే తీగ, అందులో ఆ విషం లేదు. దాని బదులు 'గ్వాన్ మూ థోంగ్' అనే అరిస్టలోకియా తీగ ఏళ్ళ తరబడి వాడారు. 2003లో చైనా ప్రభుత్వమే దాన్ని మందుల జాబితాలోంచి తీసేసింది. నీ డబ్బా మీద ఉత్త మూ థోంగ్ అని ఉంటే అకీబియానే అయ్యుండాలి. ఆసుపత్రి ఫార్మసీలో, లైసెన్సు నంబరుతో కొన్నది కాబట్టి నేనైతే అంత భయపడను. సందులో దొరికే పొడి పొట్లాలు, ఎవరో ఊరినుంచి తెచ్చిన కట్టలు మాత్రం ముట్టుకోకు.

ఇంకోటి. అతిమధురం బీపీ పెంచుతుంది, పొటాషియం దించుతుంది. చక్కెర ఉన్న రకమైతే 20 గ్రాముల పొట్లం, అందులో ఎక్కువ చక్కెరే. షుగర్ ఉన్నవాళ్ళకి చక్కెర లేని 5 గ్రాములది ఉంటుంది.

ఆకుల_మాస్టారు
మన నల్ల ఈశ్వరి వేరు కూడా అరిస్టలోకియానే అని ఈ సందర్భంగా చెప్తున్నా. పాముకాటుకీ, జ్వరానికీ అని ఇప్పటికీ నూరి తాగేవాళ్ళున్నారు. చైనావాడి తప్పు చూస్తూ మన దొడ్లో ఉన్నది మర్చిపోవద్దు.

సింగపూర్_సుధ
ఇక్కడ చైనా వైద్యులకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంటుంది, నేను అలాంటావిడ దగ్గరికే వెళ్ళా. పొట్లాలు కాదు, అసలు కషాయం. సొరుగుల బీరువాలోంచి ఒక్కోటీ త్రాసులో తూచి కాగితం మీద పోసింది. అందులో కుంకుమపువ్వు రంగు పొడి ఒకటి, చేత్తో పట్టుకుంటే నీళ్ళలా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. 'హాయ్ జిన్ షా' అట, సముద్రపు బంగారు ఇసుక. ఇసుక కాదు, ఓ పాకే ఫెర్న్ సిద్ధబీజాల (స్పోర్ల) పొడి. గుడ్డలో మూటకట్టి మరిగించమంది. నేను తెలివిగా నేరుగా వేసేశా. నీళ్ళ మీద మీగడలా తేలింది, వడకడితే వడకట్టులోంచి కూడా దిగి గొంతులో గరగర. రెండోరోజు నుంచి మా ఆయన పాత జేబురుమాలే మూట.

ఇంకోటి చూసి ఆగిపోయా. పసుపుపచ్చటి ముడతల చర్మం ముక్కలు. కోడి కందనకాయ లోపలి పొర! మనం ఒలిచి పారేస్తామే, అదే. కోడి రాళ్ళు అరిగించుకుంటుంది కాబట్టి మనిషి రాళ్ళూ అరిగిస్తుందని లాజిక్.

నాది 4 మి.మీ. మూడు వారాలకి పోయింది. @లెక్కలోడు లెక్కలో ఎలాగూ పోయేదే అని ఇప్పుడు తెలుస్తోంది. 180 డాలర్లు.

నెల్లూరు_కారం
మా ఊళ్ళో కందనకాయ వేపుడుకి క్యూ కడతారు, తొక్క తీయకుండా పెట్టమంటే మందూ మజా రెండూ.

ఒంగోలు_అక్క
జోకులు సరే, నాదొకటి వినండి. మా మరిదికి 8 మి.మీ. రాయి. ఒకాయన దగ్గర ఆకు పసరు మొదలుపెట్టాడు. పది రోజుల్లో నొప్పి మాయం. "కరిగిపోయింది వదినా" అని స్వీట్లు కూడా పంచాడు. స్కాన్ తీయించుకోమంటే "నొప్పే లేనప్పుడు స్కాన్ ఎందుకు, డబ్బులు దండగ" అన్నాడు. ఏడు నెలల తర్వాత వేరే పనికి కడుపు స్కాన్ తీస్తే రాయి అక్కడే ఉంది, వెనక కిడ్నీ నీళ్ళ సంచిలా ఉబ్బి, గోడ కాగితంలా పలచబడింది. ఇప్పుడు ఆ కిడ్నీ పనిచేసేది 14 శాతం. ఆకు తప్పో కాదో నాకు తెలీదు. నొప్పి పోతే రాయి పోయినట్టే అని నమ్మించింది మాత్రం ఆ పసరే.

పల్లేరుకాయ
అది వాడిన మనిషి తప్పు అక్కా, ఆకుది కాదు.

ఒంగోలు_అక్క
మనిషే కదా బాబూ మందు తాగేది.

వైజాగ్_యూరో
ఒంగోలు అక్క చెప్పింది నా ఓపీలో నెలకొకటి చూస్తా. నాళం పూర్తిగా మూసుకుపోయి కొన్నాళ్ళయితే కిడ్నీ మూత్రం చేయడమే తగ్గిస్తుంది, ఒత్తిడి తగ్గి నొప్పి ఆగుతుంది. రోగి సంతోషంగా ఉంటాడు, కిడ్నీ నిశ్శబ్దంగా పోతుంది.

శీనూ, నీ సంగతి. 5 మి.మీ. లోపు రాళ్ళు చాలావరకు వాటంతట అవే పోతాయి. 5 నుంచి 10 మధ్య అయితే దాదాపు సగం. నీది 6, పైగా కింది భాగంలోకి దిగింది, కాబట్టి అవకాశం బాగానే ఉంది. లెక్కలోడు చెప్పిన ప్రయోగం నిజమే కానీ అందులో ఎక్కువమందివి చిన్న రాళ్ళు. 5 దాటి, నాళం కిందున్న వాటికి టామ్సులోసిన్ కొంత సాయం చేస్తుందని తర్వాతి లెక్కలు చెప్తున్నాయి, నేనూ రాస్తా.

ఆకులు మూత్రం పెంచొచ్చు, మంచిదే, నీళ్ళూ అదే చేస్తాయి. క్యాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు మా దగ్గరా లేదు, వాళ్ళ దగ్గరా లేదు. మాత్రలతో నిజంగా కరిగేది యూరిక్ యాసిడ్ రాయి ఒక్కటే, మూత్రాన్ని క్షారం చేస్తే. పడ్డ రాయిని పట్టుకో, ఏ రకమో పరీక్ష చేయించు.

చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, వాంతులతో నీళ్ళు నిలవకపోయినా పొట్లాలు పక్కన పడేసి ఆసుపత్రికి పరుగెత్తు. అర్ధరాత్రయినా సరే. లేకపోతే నాలుగు వారాలు చూడొచ్చు, మధ్యలో ఒకసారి స్కాన్ తప్పనిసరి.

ఎర్రబస్సు
డాక్టరుగారూ, బీరు గురించి ఒక్కమాట కూడా అనలేదు, అంటే ఒప్పుకున్నట్టేనా?

వైజాగ్_యూరో
మొదటి గంట మూత్రం వస్తుంది, తెల్లారేసరికి ఒళ్ళు ఎండిపోతుంది, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. మీ రూమ్మేటుది మెట్ల మీద పడి ఉంటుంది.

షెన్‌జెన్_శీను
పన్నెండో రోజు. అపార్ట్‌మెంట్ కింద రాత్రి 8కి తాడాట మొదలుపెట్టా. అక్కడే ముసలమ్మలు పాట పెట్టుకుని వరసల్లో డాన్స్ చేస్తారు. మొదటిరోజు నవ్వారు. రెండోరోజు ఒకావిడ వచ్చి నడుము చూపించి "రాయా?" అన్నట్టు సైగ చేసింది. తలూపా. అంతే, అందరూ తలో ఆకు పేరు చెప్పారు. ఒకావిడ ఏకంగా కుండీలోంచి కోసి తెచ్చింది. మాస్టారి మాట గుర్తొచ్చి దండం పెట్టి ఇంట్లో ఫ్లవర్ వాజ్‌లో పెట్టా.

నాలుగు రోజులుగా నొప్పి లేదు. పొట్లాలు అయిపోవచ్చాయి. పోయినట్టేనా?

ఒంగోలు_అక్క
స్కాన్.

ఆకుల_మాస్టారు
స్కాన్. ఫ్లవర్ వాజ్ ఫొటో కూడా పెట్టు, ఏ మొక్కో చూద్దాం.

షెన్‌జెన్_శీను
అక్కా, నీకు పాదాభివందనం. రాయి పోలేదు. మూత్రాశయం గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. కిడ్నీకి కాస్త వాపు. డాక్టరు పొట్లాలు ఇంకో డబ్బా రాయబోతే చక్కెర వద్దని మానేశా, ఏమీ అనుకోలేదు. టామ్సులోసిన్, వేడినీళ్ళు ఉంచాడు. వారంలో పడకపోతే లోపలికి గొట్టం పంపి తీస్తాడట.

మాస్టారూ, ఫొటో పెట్టా.

ఆకుల_మాస్టారు
పుదీనా. చట్నీ చేసుకో.

షెన్‌జెన్_శీను
పడింది!!! పదహారో రోజు పొద్దున 6:40. టీ వడపోసే జల్లెడ పట్టుకుని ఇన్ని రోజులు తిరిగినందుకు ఫలితం. టక్ మని చప్పుడు. గోధుమరంగు, ముళ్ళతో అచ్చం చిన్న పల్లేరుకాయలా ఉంది (@పల్లేరుకాయ, తిట్టడం కాదు). ల్యాబ్‌కి ఇచ్చా.

పల్లేరుకాయ
చెప్పానా! పదిరోజులు పైషీ తాగావు కాబట్టే గుమ్మందాకా జారింది.

లెక్కలోడు
పొట్లాలు మానేశాకే పడింది కాబట్టి, పొట్లాలే అడ్డుపడ్డాయని నేనంటే?

చైనా_చదువు
తాడాటకి ఓటు. మా ప్రొఫెసర్ ఆత్మ శాంతిస్తుంది.

షెన్‌జెన్_శీను
రిపోర్టు వచ్చింది, క్యాల్షియం ఆక్సలేట్. @వైజాగ్_యూరో, ఇంక గోంగూర బంద్ చేయాలా? టమాటా గింజలు? పాలు?

వైజాగ్_యూరో
పాలూ పెరుగూ మానొద్దు, క్యాల్షియం తగ్గిస్తే ఆక్సలేట్ ఇంకా ఎక్కువ ఒంటికి పడుతుంది. టమాటా గింజల పాపం ఏమీ లేదు. పాలకూర, చుక్కకూర రోజూ వద్దు. గోంగూర వారానికోసారి తిను, నేనూ తెలుగువాణ్ణే. ఉప్పు తగ్గించు, అంటే ఆవకాయ. మూత్రం రోజుకి రెండున్నర లీటర్లు రావాలి, తాగేది కాదు, వచ్చేది.

సింగపూర్_సుధ
మరి అమ్మగారి కొండపిండి ఏమైంది?

షెన్‌జెన్_శీను
కస్టమ్స్‌లో ఆగింది. కానీ అమ్మ లెక్కలో ఆకూ కాదు, మాత్రా కాదు. వెంకన్నకి మొక్కుకుందట, అందుకే పడిందట. వచ్చే నెల తిరుపతి, గుండు.

నెల్లూరు_కారం
గుండు అమ్మకా నీకా?

షెన్‌జెన్_శీను
మొక్కింది ఆవిడ. గుండు నాకు.